రాహేలమ్మ మొదటి చేద

అనగనగా అన్నానంటే మీరు ఊ కొట్టాలి. ఊ కొట్టనివాళ్లకి ఈ కథ అందదు. మీ తాతకి తాత పుట్టకముందు, ఒక మెట్ట ఊరికి ఎడంగా ఉన్న పేటలో రాహేలమ్మ అనే మనిషి ఉండేది.

ఆ రోజుల్లో పేటవాళ్లు ఊరి బావిని ముట్టకూడదు. కుండ కింద పెట్టుకుని, ఎవరైనా దయతలచి తోడి పోసేదాకా నిలబడాలి. వయసులో ఉండగా రాహేలమ్మ, జ్వరంతో కాలిపోతున్న కొడుకు తీతును చంకనేసుకుని అలాగే నిలబడింది. ఊరి మునసబు అక్కడే ఉన్నాడు. ఒక్క చేద నీళ్లు పోయించమని అడిగింది. ఆయన మొహం తిప్పుకున్నాడు. మళ్లీ అడిగింది. మళ్లీ తిప్పుకున్నాడు. మూడోసారి అడిగేసరికి పిల్లవాడికి నీళ్లతో పని లేకపోయింది.

ఏళ్లు గడిచాయి. పేటలో ప్రార్థన మందిరం కట్టారు. దాని పక్కనే పేటవాళ్లు సొంతంగా బావి తవ్వుకున్నారు. పుట్టింటినుంచే ప్రభువును నమ్ముకున్న రాహేలమ్మ అప్పుడు బాప్తిస్మం తీసుకుంది. యేసయ్యలా బతకాలని ఆశపడి, ఎలాగని మందిరంలో బోధించే ఉపదేశిని అడిగింది. ప్రార్థన చెయ్యమన్నాడు, చేసింది. ఉపవాసం ఉండమన్నాడు, ఉంది. తెల్లచీర కట్టమన్నాడు, కట్టింది. మోకాళ్లు కాయలు కాశాయి, పొట్ట వెన్నుకి అంటుకుంది, చీర మల్లెపువ్వులా ఉండేది. కానీ మునసబు పేరు వింటే చాలు, కడుపులో నిప్పు రాజుకునేది. చీరకైతే చాకిరేవు ఉంది, మనసుకెక్కడుంది? "నీలా అవ్వడం నావల్ల కావట్లేదయ్యా" అని ప్రభువు దగ్గర ఏడ్చేది.

అప్పుడు కరువొచ్చింది. ఊరి బావి ఎండిపోయింది. పేట బావిలో మాత్రం కాస్త ఊట మిగిలింది. ఇంటికి రోజుకొక కుండ అని వంతులు పెట్టుకున్నారు.

ఒక పొద్దున ముసలి మునసబు, జ్వరంతో మూలుగుతున్న మనవరాలిని భుజాన వేసుకుని వచ్చాడు. పేటవాళ్లు మొహాలు తిప్పుకున్నారు. ఎవరు తిప్పుకోరు చెప్పండి? అప్పుడు వంతు రాహేలమ్మది. ఒక్క చేద పొయ్యమని అడిగాడాయన. ఆవిడ మొహం తిప్పుకుంది. రెండోసారి అడిగాడు. ఆవిడ తాడు చేతికి చుట్టుకుంది. పిల్ల మూలిగింది. అచ్చం తీతులాగే మూలిగింది.

మూడోసారి ఆయన చేత అడిగించలేదు. చేద తోడి పిల్ల నోటికి పెట్టింది. తన వంతులో మిగతా నీళ్లన్నీ కుండలో నింపి ఆయన చేతికిచ్చింది. కడుపులో నిప్పు ఆరలేదు. ఆరకుండానే పోసింది.

పేటపెద్ద మందలించాడు. "నీ వంతు పోసేస్తే నీకింకో వంతు రాదత్తా."

"నిప్పింకా ఆరలేదు నాయనా," అంది రాహేలమ్మ. "రేపు కూడా పోస్తాను."

రెండో రోజూ ఇచ్చేసింది. మూడో రోజూ ఇచ్చేసింది. ఇరుగుపొరుగు గుక్కెడు ఇవ్వబోతే, మీవి పిల్లలున్న ఇళ్లని తన కుండ మీద మూత పెట్టేది. ఆ మూడో రోజు కుండ అందిస్తూ, "పిల్లకెలా ఉంది బాబూ?" అని అడిగింది. అడిగి తనే ఉలిక్కిపడింది. కడుపులో తడుముకుంది. నిప్పు లేదు.

నాలుగో పొద్దున బావి గట్టు మీద పడిపోయి కనిపించింది. చేతిలో తాడు అలాగే ఉంది. మునసబు వచ్చి, తన చేత్తో చేద తోడాడు. ఆవిడ తల ఒళ్లో పెట్టుకున్నాడు. పేట మనిషిని ఆయన ముట్టుకోవడం అదే మొదలు. నోట్లో నీళ్లు పోశాడు. పెదాల పక్క నుంచి జారిపోయాయి. మళ్లీ పోశాడు. మళ్లీ జారిపోయాయి. మూడోసారి పోస్తుంటే పేటపెద్ద వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

పిల్ల బతికింది. ఇంతకు మించిన మంచిమాట ఈ కథలో లేదు.

ఇప్పటికీ ఆ పేటలో పొద్దున్నే తోడిన మొదటి చేద ఎవరూ ఇంటికి తీసుకుపోరు. దారినపోయేవాళ్లకి పోస్తారు. ఎవరూ రాకపోతే రాహేలమ్మ సమాధి మీద పోస్తారు. ఫలానావాణ్ణి క్షమించడం నావల్ల కాదని ఎవరైనా మొత్తుకుంటే, అక్కడి ముసలమ్మలు ఒకటే మాట అంటారు: "నిప్పు ఆరాక చూద్దామనుకోకు. ముందు ఒక చేద పోసెయ్."