ఎదురుగాలిలో పదిహేడు

ఆ రోజు తిరుపాలు మోచేయి ఆడించడం నీరజాక్షి చూసింది. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. చూడనట్టే తల వంచుకుని తొక్కింది. ఈ మాట ఆమె ఇంతవరకూ ఎవరి ముందూ నోరు విప్పి చెప్పలేదు.

సైకిలు మీద దూరాలు పోయేవాళ్లలో ఒక మర్యాద ఉంది. ఎదురుగాలి కొడుతున్నప్పుడు ముందున్న మనిషి గాలిని కోస్తాడు, వెనకున్న మనిషికి చాలా కష్టం తప్పుతుంది. ముందువాడు అలిసిపోతే మోచేయి ఆడిస్తాడు. ఇక నువ్వు రా అని అర్థం. అప్పుడు వెనకవాళ్లు ముందుకు పోవాలి.

ఆ సైకిల్ యాత్ర వెయ్యి కిలోమీటర్లు, డెబ్భై ఐదు గంటల గడువు. గుంతకల్లులో కరెంటు లైన్‌మన్‌గా చేసే తిరుపాలు చివర్లో డెబ్భై కిలోమీటర్లు ఆమెకు ముందే ఉన్నాడు. ఇంకా ఇరవై ఉందనగా మోకాలు పట్టేసి రోడ్డు పక్కన కూలబడ్డాడు.

"నువ్వు పో పాపా, టైమైతాంది" అన్నాడు.

ఆమె పోయింది. గడువుకు పదకొండు నిమిషాల ముందు చేరింది. గడువులో చేరినవాళ్ల జాబితాకు అతని పేరెక్కలేదు.

పేపర్లో ఆమె ఫొటో పడింది. తర్వాత ఇంకా పెద్ద దూరాలు తొక్కింది. కాలేజీలు పిలిచాయి. ఆమె మాటలు విని పామిడిలో పన్నెండుమంది ఆడపిల్లలు బస్సు మానేసి సైకిళ్లెక్కారు. ఎక్కడ మాట్లాడినా ముగింపు ఒక్కటే: "చివరి తొంభై కిలోమీటర్లు నేనూ, ఎదురుగాలీ, అంతే. గంటకు ఇరవై నాలుగు కిలోమీటర్ల వేగానికి తగ్గలేదు!" హాలు చప్పట్లతో మోగిపోయేది.

తిరుపాలు మూడుసార్లు ఫోన్ చేశాడు. ఆమె ఎత్తలేదు.

ఈమధ్య ఆ ముగింపు దగ్గరికి వచ్చేసరికి గొంతు పట్టేస్తోంది. రేపటి సభేమో తిరుపాలుండే గుంతకల్లులోనే.

ఆమెను మొదట సైకిలెక్కించింది అనంతపురంలో రిటైరైన డ్రిల్లు మాస్టరు మౌలాలి సార్. తెల్లారగానే ఆయనింటికి పోయి కూర్చుంది.

"సభలో చివరి మాట పెగల్తాలేదు సార్. గొంతుకేమన్నా సాధన చెప్పండి."

"ఏదీ, ఆ మాటేదో నాకొకసారి చెప్పు."

చెప్పింది. ఇరవై నాలుగు దగ్గర సార్ టీ గ్లాసు కింద పెట్టాడు.

"సైకిల్ తెచ్చినావా?"

"తెచ్చినా సార్."

"పద."

ఆషాఢం గాలి. గాలిమరల గుట్టల కింది రోడ్డు మీద దుమ్ము పరుగులు పెడుతోంది. ఆమె సైకిలు మీద, వెనక తన పాత మోపెడ్ మీద సార్.

"ఉన్న బలమంతా పెట్టు. స్పీడు మీటర్ చూసి చెప్తా ఉండు."

"పందొమ్మిది సార్!"

రెండు కిలోమీటర్లు పోయారు. తొడలు మండుతున్నాయి.

"ఇప్పుడు?"

"పదిహేడు."

"వినపడల్యా."

"పదిహేడు సార్!"

"వెయ్యిమందికి వినిపిస్తావంట, నాకొక్కనికి వినిపించలేవా?"

"పదిహేడూ!" అని అరిచింది.

సార్ మోపెడ్‌ను ఆమె ముందుకు తెచ్చాడు. చెవుల్లో హోరు టక్కున తగ్గింది. కాళ్లూ అవే, రోడ్డూ అదే. సైకిలు తేలిపోతూ ముందుకు సాగింది.

"ఇప్పుడెంత?" వెనక్కి తిరగకుండానే అడిగాడు.

ఆమె మీటర్ చూసింది. ఇరవై నాలుగు. తల వంచుకుని తొక్కింది.

సార్ రెండోసారి అడగలేదు. కాస్త దూరం పోయి కల్వర్టు దగ్గర బండి ఆపి, ఆమెకు నీళ్ల సీసా అందించాడు.

"ఆ రోజు నీకు ముందున్న మనిషి పేరేమి?" అన్నాడు.

"తిరుపాలన్న" అంది నీరజాక్షి. అన్నాక మిగతాదంతా దానంతటదే వచ్చేసింది. మోకాలు, మోచేయి, ఎత్తని ఫోన్లు, అన్నీ.

సార్ విన్నాడు. అయ్యో అనలేదు, ఛీ అనలేదు.

"ఆయన పేరు చెప్తే నాకేం మిగుల్తుంది సార్?"

"ఇంతసేపు నా బండి వెనక వచ్చినావు కదా. నీ కాళ్లు తొక్కలేదా?"

"తొక్కినాయ్."

"మరింకేం? నిన్ను నేనేమన్నా మోసుకొచ్చినానా?"

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. చాన్నాళ్ల తర్వాత ఊపిరి గొంతులో ఎక్కడా తట్టుకోకుండా లోపలికి పోయింది.

"రేపు స్టేజీ ఎక్కి అందరి ముందరా చెప్పేస్తా సార్."

"వెయ్యిమందికి చెప్పేది సులువే" అన్నాడు సార్, మోపెడ్ స్టార్ట్ చేస్తూ.

ఆ చప్పుడు వినపడనంత దూరం పోయేదాకా ఆమె కల్వర్టు మీదే కూర్చుంది. తర్వాత గాలి తగలని పక్కకు దిగి ఫోన్ తీసింది. ఈ వేళప్పుడు తిరుపాలన్న కరెంటు స్తంభం మీదుంటాడేమో. ఎత్తకపోతే మళ్లీ చేద్దామనుకుంది.