మూడో గీత

ప్రశ్న అడిగిన వెంటనే జవాబు చెప్పడం హైమవతిగారికి అలవాటు లేదు. "చూద్దాం" అనేవారు. ఆ చూడటం ఒక్కోసారి సాయంత్రానికి తేలేది, ఒక్కోసారి నెలలు పట్టేది. కిరీటి అడిగినదానికి మాత్రం ఆ మధ్యాహ్నమే జవాబు దొరికింది. దొరక్కపోతేనే బాగుండేదని అతను ఇప్పటికీ అనుకుంటాడు.

హైమవతిగారు సైకాలజీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత కాలేజీలకీ నర్సింగ్ స్కూళ్ళకీ వెళ్ళి, ఆడా మగా అనే రెండు మాటల్లో ఇమడని మనుషుల గురించి, ఎవరి మనసు ఎవరి మీదికి పోతుందనే సంగతి గురించి, ఏమీ తెలియనివాళ్ళకి తెలిసేలా చెప్పడం పనిగా పెట్టుకున్నారు. కిరీటి ఎమ్మే అయ్యాక ఆమె దగ్గర చేరి ఆ పని నేర్చుకుంటున్నాడు.

ఆమె పద్ధతి తేలికైనది. బోర్డు మీద అడ్డంగా మూడు గీతలు గీసేవారు. ప్రతి గీతకీ ఒక కొసన ఆడ అనీ, రెండో కొసన మగ అనీ రాసేవారు. "మొదటిది ఒళ్ళు. పుట్టగానే నర్సు చూసి చెప్పేది దీన్నే. రెండోది, నేనెవరినని నాకు లోపల తెలిసేది. మూడోది, నా మనసు ఎవరి మీదికి పోతుందనేది. మొదటి గీత మీద మనిషి ఎక్కడుందో చూసి రెండోదాని మీద ఎక్కడుందో చెప్పలేం. ఆ రెండూ తెలిసినా మూడోది చెప్పలేం. మనుషులు కొసల్లోనే ఉండరు, మధ్యలో ఎక్కడైనా ఉంటారు. అసలు గీత మీదే లేనివాళ్ళూ ఉంటారు." ఆ తర్వాత, ఈ గదిలో ఎవరికీ లేని పేరు ఒకటి చెప్పండని పిల్లల్ని అడిగేవారు. వాళ్ళు ఏ తిలోత్తమ అనో చెప్పేవారు. ఆ తిలోత్తమ పేరున గీతల మీద చుక్కలు పెట్టి, వాటిని అటూ ఇటూ జరుపుతూ పాఠం నడిపేవారు.

ఆ రోజు ఇద్దరూ శ్రీకాకుళం వైపు ఒక చిన్న ఊళ్ళో ఉన్న నర్సింగ్ స్కూలుకి బయల్దేరారు. బస్సులో కిరీటి అడిగాడు.

"టీచర్, ఎప్పుడూ లేని మనిషి గురించే చెప్తారెందుకు? పిల్లల్నే వచ్చి చుక్క పెట్టమంటే ఇంకా బాగా ఎక్కుతుంది కదా. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదని చెప్పేది మనమే. మళ్ళీ దాచిపెట్టేదీ మనమే అయితే ఎలా?"

హైమవతిగారు కిటికీలోంచి జీడితోటల వైపు చూస్తూ, "చూద్దాం" అన్నారు.

పాఠం బాగానే మొదలైంది. హాలు నిండా ఆడపిల్లలు. వార్డెన్ తలుపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. మూడు గీతలూ గీసి, వాటి గురించి చెప్పడం అయ్యేసరికి ప్రిన్సిపాల్ కబురు పంపితే హైమవతిగారు అటు వెళ్ళారు. వెళ్తూ, "నేను వచ్చేదాకా వాళ్ళ సందేహాలు చూడు" అని కిరీటికి చెప్పారు.

పిల్లలు సందేహాలేమీ అడగలేదు. కిరీటికి బస్సులో మాట గుర్తొచ్చింది. సుద్దముక్క తీసుకుని, తన పేరు రాసి, మూడు గీతల మీదా మూడు చుక్కలు చకచకా పెట్టేశాడు. ఒళ్ళు మగ, లోపల మగ, మనసు ఆడవాళ్ళ మీదికి. అతని చెయ్యి ఎక్కడా తడబడలేదు. పిల్లలు నవ్వారు, కొందరు చప్పట్లు కొట్టారు.

"అంతే, ఇంకేం లేదు. తర్వాత ఎవరొస్తారు?" అన్నాడు.

వెనక బెంచీల్లోంచి ఒక గొంతు, "దేవికని పిలవండి సార్" అంది. ఆ చుట్టుపక్కల గుసగుసగా నవ్వు లేచింది.

దేవిక ఎవరో కిరీటికి తెలియదు. మూడో వరసలో ఒక పొట్టి అమ్మాయి ఉలిక్కిపడి తల ఎత్తడం చూసి, సిగ్గుపడుతోందనుకున్నాడు. "రండి, భయం దేనికి?" అని సుద్దముక్క ముందుకి చాపాడు.

ఆ పిల్ల లేచింది. లేచి అలాగే నిలబడిపోయింది. నవ్వినవాళ్ళు ఇప్పుడు నవ్వడం మానేసి చూస్తున్నారు. ఆ చూపు నవ్వు కన్నా ఘోరంగా ఉంది. వార్డెన్ కుర్చీలోంచి లేచి ముందుకి వచ్చింది.

"వెళ్ళమ్మా, సారు పిలుస్తున్నారు కదా. మేమూ చూస్తాం."

దేవిక నడిచి వచ్చి సుద్దముక్క అందుకుంది. ఆమె వేళ్ళు తగిలినప్పుడు మంచుముక్క తగిలినట్టయింది కిరీటికి. అప్పుడే, మొదటి వరసలో ఇంకో అమ్మాయి కనిపించింది. మిగిలినవాళ్ళంతా బోర్డు వైపు చూస్తుంటే ఆ అమ్మాయి ఒక్కతే తల బల్లకి ఆనేలా వంచుకుని కూర్చుంది. ఆమె మెడ మీద చెమట కారుతోంది. వార్డెన్ బోర్డును చూడటం లేదు. దేవికనీ ఆ అమ్మాయినీ మార్చి మార్చి చూస్తోంది.

ఆ మధ్య హాస్టల్లో ఈ ఇద్దరమ్మాయిల్నీ విడదీసి వేరువేరు గదుల్లో వేశారన్న సంగతి కిరీటికి తర్వాత తెలిసింది. కానీ ఆ నిమిషాన ఏదీ తెలియకపోయినా అన్నీ అర్థమయ్యాయి. "వద్దులే, వెళ్ళి కూర్చోండి" అనబోయి ఆగిపోయాడు. నోటిదాకా వచ్చిన ఆ మాటే ఇప్పుడు ఆమెను పట్టిస్తుంది. ఎందుకు కూర్చోమన్నాడో ఆ గదిలో అందరికీ తెలిసిపోతుంది. ఆమె పెట్టనన్నా అంతే. అబద్ధం పెట్టిందా, తల వంచుకున్న ఆ అమ్మాయి ఎప్పుడో ఒకప్పుడు తల ఎత్తి ఆ అబద్ధాన్ని చూడక తప్పదు. నిజం పెడితే సాయంత్రానికల్లా వాళ్ళ నాన్నకి ఫోన్ వెళ్తుంది. దేనికీ దారి లేకుండా చేసింది తానే.

దేవిక మొదటి గీత మీద చుక్క పెట్టింది. రెండో గీత మీద పెట్టింది. మూడో గీత దగ్గర చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఎవరో సెల్‌ఫోన్ పైకెత్తారు.

"పెద్దవాళ్ళుండగా పిల్లల్ని ముందు లేపుతారా ఎక్కడైనా?"

ఆ గొంతు గుమ్మం దగ్గర నుంచి వచ్చింది. హైమవతిగారు ఎప్పుడొచ్చారో ఎవరూ చూడలేదు. తొందరపడకుండా వరసల మధ్య నడిచి వచ్చి, దేవిక చేతిలోంచి సుద్దముక్క తీసుకున్నారు. భుజం మీద చెయ్యి వేసి పక్కకి జరిపారు. దేవిక పెట్టిన రెండు చుక్కల మీదా చేత్తో రుద్ది, బోర్డు మీద హైమవతి అని రాశారు.

మొదటి గీత మీద, ఆడ అన్న కొసన చుక్క పెట్టారు. రెండో గీత మీదా అదే కొసన. మూడో గీత దగ్గర ఆగలేదు గానీ, సుద్దముక్క గట్టిగా నొక్కడం వల్ల విరిగింది. మిగిలిన ముక్కతో, ఆడ అన్న కొసనే మూడో చుక్క కూడా పెట్టారు.

వార్డెన్ ముఖంలో రంగు మారింది.

"ఇదేంటి మేడం?"

"చుక్కమ్మా. నాది" అన్నారు హైమవతిగారు. తర్వాత దేవిక వైపు తిరిగి, "నువ్వెళ్ళి కూర్చో తల్లీ. టైమైపోయింది" అన్నారు. ఆమె గొంతు మామూలుగానే ఉంది. వెనక్కి పెట్టుకున్న చేతిలో మాత్రం మిగిలిన సుద్దముక్క నలిగి పొడి అవుతోంది. అది కిరీటి ఒక్కడికే కనిపించింది.

దేవిక వెళ్ళి కూర్చోవడం ఎవరూ చూడలేదు. సెల్‌ఫోన్‌తో సహా చూపులన్నీ బోర్డు దగ్గర నిలబడిన ముసలావిడ మీదే ఉన్నాయి.

వచ్చేటప్పుడు బస్సు దిగిన చోటికి కారు పంపిన ప్రిన్సిపాల్, వెళ్ళేటప్పుడు గదిలోంచి బయటికి రాలేదు. ఇద్దరూ బస్సు ఆగే చోటుదాకా నడిచారు. ఆ రోడ్డు మీద ఒక మోటారు సైకిల్ వాళ్ళని దాటి వెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ దాటింది. దాని మీద ఇద్దరు మగవాళ్ళు. ఏమీ అనలేదు. రెండోసారి దాటేటప్పుడు బాగా నెమ్మది చేసి, ఆమె ముఖంలోకి చూసి వెళ్ళారు. హైమవతిగారు కిరీటి చెయ్యి పట్టుకున్నారు. అంతకు ముందు ఆమె ఎప్పుడూ అలా పట్టుకోలేదు. బస్సు వచ్చేదాకా వదల్లేదు.

సెల్‌ఫోన్‌లో తీసిన వీడియో వాళ్ళకన్నా ముందే వాళ్ళుండే విశాఖపట్నం చేరింది. ఆమె తమ్ముడి కొడుకు ఫోన్ చేసి, "అత్తా, నీ వయసుకి ఇదేం పని?" అని పెట్టేశాడు. రెండు కాలేజీలు పాఠాలు వాయిదా వేశామన్నాయి, మళ్ళీ ఎప్పుడో చెప్పలేదు. ఎవరో ఆమె ఇంటి తలుపు మీద బొగ్గుతో ఒక మాట రాసి పోయారు. ఆమె అద్దెకుండే ఇంటి యజమాని మర్యాదస్తుడు కాబట్టి, మా అబ్బాయికి ఇల్లు కావలసొచ్చిందండీ అన్నాడు. నర్సింగ్ స్కూల్లో మాత్రం ఎవరి నాన్నకీ ఫోన్ వెళ్ళలేదు. అందరూ హైమవతిగారి గురించే మాట్లాడుకోవడంతో ఆ ఇద్దరమ్మాయిల మాట మరుగున పడింది. వాళ్ళు పరీక్షలు రాశారు. పాసయ్యారని కూడా కిరీటి విన్నాడు.

ఇల్లు మారే రోజున సామాన్లు కట్టడానికి వెళ్ళాడు కిరీటి. హైమవతిగారు పాత చీరలో గిన్నెలు మూట కడుతున్నారు. మెట్ల మీద ఎవరి అడుగు వినిపించినా ఆమె చేతులు ఆగుతున్నాయి. ఆ అడుగులు పై అంతస్తుకి వెళ్ళిపోయాక మళ్ళీ కదులుతున్నాయి. చేసిన తప్పుకి ఎన్నోసార్లు క్షమాపణ అడిగాడతను. ఆమె ప్రతిసారీ వేరే మాటలోకి దింపేశారు. ఆ రోజు మాత్రం, ఇన్నాళ్ళూ లోపల నలుగుతున్నది ఆగలేక అడిగేశాడు.

"టీచర్, ఆ మూడో చుక్క నిజంగా మీదేనా? లేక ఆ పిల్లని తప్పించడానికి పెట్టారా?"

హైమవతిగారు మూట ముడి బిగించి, తల ఎత్తి అతని వైపు చూశారు.

"ఆ ప్రశ్న ఆ పిల్లలందర్నీ వదిలి నా దగ్గరికొచ్చి ఆగింది. ఇక్కడే ఆగనీ నాయనా" అన్నారు.