దీనమ్మ ప్రార్థన

అనగనగనగా ఒక ఊరు. ఆ ఊరికో కాలువ, కాలువ గట్టున ఒక చర్చి, చర్చిలో ఒక మైకు, ఆ మైకు ముందర ఒక దీనమ్మ. ఇంకెవరికైనా మైకు దొరకాలంటే దీనమ్మకి తుమ్ము రావాల్సిందే. ఊఁ కొడుతున్నారా? షారోనూ, దిండు కింద జంతికలు దాచటం ఆపి ఊఁ కొట్టు.

ఈ దీనమ్మ ప్రార్థన ఎత్తుకుందంటే ఆదాము దగ్గర్నుంచే. ఆదాము పండు కొరికేసరికి అన్నం చల్లారేది. నోవహు ఓడ తలుపేసేసరికి పప్పు గడ్డకట్టేది. మోషే సముద్రం దాటేసరికి పిల్లలు నిద్రపోయేవాళ్ళు. యెరికో గోడలు కూలేసరికి పాస్టరుగారు కూడా ఒక కునుకు తీసి లేచేవారు.

పొడుగైతే పోన్లే అనుకోవచ్చు. లోపలి సరుకే వేరు. పక్కింటి సంతోషమ్మ పాలలో నీళ్ళు పోస్తోంది, దాని మనసు మార్చు తండ్రీ అని మైకులో అడిగేది. సంతోషమ్మ మనసు మారిందో లేదో గానీ, పాలు పోయించుకునేవాళ్ళంతా వేరే ఇంటికి మారిపోయారు. ఇక చివర్న కోడలి వంతు. కొందరు కోడళ్ళకి చారులో ఉప్పు వెయ్యటం రాదు ప్రభువా, వాళ్ళెవరో నీకు తెలుసు అనేది. ఊరందరికీ కూడా తెలుసు. కళ్ళు మూసుకున్నవాళ్ళంతా ఒక కన్ను తెరిచి తబిత వంక చూసేవాళ్ళు. తబితంటే ఆ కోడలే. పాపం, తలమీద కొంగు ఇంకాస్త ముందుకు లాక్కునేది.

ఇట్లా ఉండగా కోతల పండగ దగ్గరికొచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళ చర్చి సంఘాలన్నీ వస్తాయి. ఈసారి యెరికో దగ్గర ఆగకూడదు, దావీదు దాకా లాగాలని దీనమ్మ ఇంట్లో ఒకటే సాధన. ఇంకేముంది, ఒక పొద్దున లేచి "ప్రభువా" అందామంటే గాలి తప్ప ఏమీ రాలేదు. మిరియాల కషాయం తాగింది, కరక్కాయ బుగ్గన పెట్టింది, అయినా రాలేదు. గొంతు బాగా దెబ్బతింది, నోరు మూసుకునుంటే వస్తే రావచ్చు, లేకపోతే లేదని డాక్టరుగారు చెప్పేశారు.

ఊరంతా పరామర్శకొచ్చి అయ్యో అంది. సంతోషమ్మ అందరికంటే ఎక్కువ అయ్యో అంది. వీధి మలుపు తిరిగాక మాత్రం స్తుతిపాట అందుకుంది.

దీనమ్మకి భయమేసింది. నవ్వకండర్రా, నిజంగానే భయపడింది. ఇన్నేళ్ళూ దేవుడికి నా గొంతే గుర్తు, గొంతు లేనిదాన్ని ఆయనెట్లా గుర్తుపడతాడు, నా మాట ఇంకెవరు వింటారు అని లోలోపలే కుమిలిపోయింది.

సరే, కోడలి నోటితో ప్రార్థన చేయిద్దామనుకుంది. ఎదురుగా నిలబెట్టి సైగలు మొదలెట్టింది. పండు కొరికినట్టు చూపిస్తే తబిత జామకాయ తెచ్చిచ్చింది. ఓడలా ఊగితే, కళ్ళు తిరుగుతున్నాయేమోనని మంచమ్మీద పడుకోబెట్టింది. సముద్రం పాయలైనట్టు రెండు చేతులూ చాపితే, తడి చీర తెచ్చి చేతులమీద ఆరేసింది. అక్కడితో ఆ ముచ్చట తీరిపోయింది.

ఆ తబితకి ఒక అలవాటుంది. తెల్లారగట్లే లేచి, పొయ్యి వెలిగించకముందే వడ్లగాదె పక్కన పీటేసుకుని కళ్ళు మూసుకు కూచునేది. దీనమ్మ దాన్ని కునుకనుకుని, మా కోడలి బద్ధకం వదిలించు ప్రభువా అని మైకులో మనవి కూడా చేసుకుంది. ఇప్పుడు ఎదురుగా వచ్చి, ఏం చేస్తున్నావని చెయ్యి తిప్పింది.

"ఏం లేదత్తమ్మా, కాపరానికొచ్చిన కొత్తలో మిమ్మల్ని భరించే ఓపికిమ్మని అడిగేదాన్ని. రోజూ అడగ్గా అడగ్గా, ఆయన దగ్గర కూచోటమే బాగుందనిపించింది. మీరూ రండి" అంది తబిత.

దీనమ్మకి చురుక్కుమంది. అయినా వెళ్ళి కూచుంది. దోమలు కుట్టాయి, పక్కింటి పాలు గుర్తొచ్చాయి. మర్నాడూ కూచుంది, చారు గుర్తొచ్చింది. ఆ మర్నాడూ కూచుంది, మోకాళ్ళు గుర్తొచ్చాయి. దేవుడు మాత్రం పలకలేదు. ఒళ్ళు మండిపోయి లేచిపోదామనుకుంది. లేచి ఎక్కడికి పోతుంది? మళ్ళీ కూచుంది. మళ్ళీ మళ్ళీ కూచుంది. అట్లా కూచోగా కూచోగా ఒకనాడు చాడీలన్నీ అయిపోయాయి. ఊరి సంగతులన్నీ పోయి తన సంగతి ఒక్కటే మిగిలింది. దాన్ని ఆయనకి ఇంతవరకూ చెప్పనే లేదని అప్పుడు తెలిసొచ్చింది దీనమ్మకి. పీట మీదే వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంత దగ్గరున్నవాణ్ణి పట్టుకుని ఇన్నేళ్ళూ అంతంత కేకలు పెట్టానే అనుకుంది. ఆ రోజు ఆమెకి ఎంత సంతోషమేసిందంటే, గొంతు సంగతే మర్చిపోయింది.

పండగొచ్చింది. అప్పటికి గొంతు కూడా కాస్త పెగిలింది. సంఘ పెద్ద జకరయ్య భయం భయంగా మైకు తెచ్చి చేతిలో పెట్టాడు. ఊరంతా బిగుసుకుపోయింది. సంతోషమ్మ మెల్లగా చెప్పుల వైపు జరిగింది. దీనమ్మేమో మైకు పక్కన పెట్టేసి, తబిత చెయ్యి పట్టుకుని, తల వంచి పెదాలు కదిపింది. జనం కళ్ళు సరిగ్గా మూసుకునేలోపే ఆమేన్ అనేసింది.

హమ్మయ్య అనుకోవాలి కదా జనం? అబ్బే! ఒక్కళ్ళకీ ముద్ద దిగలేదు. ఎవరి గురించి చెప్పింది, ఏమని చెప్పింది, మన పేరెత్తిందా లేదా? విందు దగ్గర అందరూ తబిత చుట్టూ మూగారు, సంతోషమ్మ అందర్నీ నెట్టుకుని ముందుకొచ్చింది. పక్కనే ఉన్నావు కదే, మీ అత్త ఏమందో చెప్పవే అని ఒకటే పోరు.

తబిత గరిటె ఆపకుండా, "నాకేం తెలుసు పిన్నీ? మా అత్త మనకి చెప్పలేదుగా, ఆయనకి చెప్పుకుంది" అంది.

ఆ తర్వాత అత్తాకోడళ్ళు చల్లగా కాపరం చేసుకున్నారు. అందుకే చెబుతున్నా, ప్రార్థన పక్కవాళ్ళకి వినిపించటానికి కాదు. ఆయన పలకలేదని అలిగి లేచిపోనూకూడదు. రోజూ వెళ్ళి కూచోవాలి, అంతే. కథేమో కంచి బస్సెక్కింది, మనమేమో మంచమెక్కుదాం. ఇక కళ్ళు మూసుకోండర్రా.