చాంద్‌బీ కోడి

అప్పీలు గడువు దాటిపోయింది. ఆ సంగతి ఖలీల్‌కూ వకీలుకూ తప్ప ఎవరికీ తెలీదు. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగదు. నమాజుకు నిలబడితే మనసు నిలబడదు.

దర్గా ముసాఫిర్‌ఖానా పక్కింటి ఆసామిదేనని కింది కోర్టు తీర్పిచ్చింది. పై కోర్టుకు పోకపోతే అందులో తలదాచుకున్న ముసలివాళ్ళంతా వీధిన పడతారు. కరీముల్లా బాబా ఆ పనిని నమ్మకంగా తన శిష్యుడు ఖలీల్‌కే అప్పజెప్పారు.

చివరికి బాబా కాళ్ళ దగ్గర కూలబడి గడువు సంగతి చెప్పేశాడు. ఎందుకు దాటిందో మాత్రం చెప్పలేదు.

"ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చంట బాబా. జడ్జిగారు ఒప్పుకునే కారణం ఉండాలంట. మీకు విషజ్వరం వచ్చిందనీ, నేను మీ మంచం వదల్లేదనీ రాయిస్తాను."

"నాకా జ్వరం?"

"కాగితంలోనే బాబా."

"సగం సగం జ్వరం ఏం బాగుంటుంది బేటా? ఆ గొంగడి ఇట్లా తే."

మాడు పగిలే ఎండలో బాబా ముసుగుతన్ని పడుకుని మూలగడం మొదలుపెట్టారు. ఆ మూలుగు వీధి చివరి బడ్డీకొట్టు దాకా వినబడింది.

కాసేపట్లో జనం చేరారు. ఎవరో కషాయం కాచి తెస్తే, బాబా మొహం చిట్లించుకుంటూనే గ్లాసెడూ తాగేశారు. ఖలీల్ గోడకు అతుక్కుపోయాడు.

అందరికన్నా వెనక ముసాఫిర్‌ఖానా చాంద్‌బీ వచ్చింది, చంకలో కోడితో. ఆమెకున్న ఆస్తల్లా అదే.

"ఖలీలూ, దీన్ని కోసి బాబాకు పులుసు పెట్టు బేటా. ఆయన లేచి కూర్చుంటే చాలు. గుడ్డు లేకపోతే నేనేం చచ్చిపోతానా?"

గొంగడి కింద మూలుగు ఇంకాస్త పెరిగింది.

ఖలీల్ కోడిని అందుకున్నాడు. దాని గుండె అతని అరచేతిలో టకటకా కొట్టుకుంటోంది.

"బాబాకేం కాలేదు ఖాలా. వకీలు రాసిన అప్పీలు నాకు నచ్చలేదు. ఆయనకన్నా బాగా రాస్తానని తెచ్చుకుని, దిద్దుకుంటూ కూర్చున్నాను. గడువు దాటిపోయింది. మీ నీడ పోతుందేమో. తప్పు నాది."

చాంద్‌బీ అతని వంక అట్లాగే చూస్తూ నిలబడింది.

గొంగడి కదిలింది. బాబా చెమటలు కక్కుతూ లేచి కూర్చుని, కాళ్ళతో చెప్పులు వెతుక్కున్నారు.

"వకీలు దగ్గరికి పద. ఇప్పుడు చెప్పావే, అదే రాయిద్దాం. ఒక్క అక్షరం దిద్దకుండా."

గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగారు.

"చాంద్‌బీ, నీ కోడిని నువ్వు తీసుకో. జ్వరం తగ్గింది."