పురుగు మెచ్చిన ఆవకాయ

కలువకొండ రాజు ఎర్రభూపతికి ఆవకాయంటే ప్రాణం. ఒక వేసవి మధ్యాహ్నం ఆయన అన్నం కొంచెం, ఆవకాయ బోలెడంత లాగించి, జాడీ అడుగు కూడా వేలితో తుడిచి నాకి, సాయంత్రానికి కడుపు పట్టుకుని మంచమెక్కాడు.

రాజవైద్యుడు అనంతభట్టు వచ్చాడు. మహారాజు అతిగా తిన్నారని మొహం మీద చెప్పే ధైర్యం ఏ ఆస్థాన వైద్యుడికి ఉంటుంది? అందుకని నాడి పట్టుకుని, కాసేపు కళ్లు మూసుకుని, తప్పంతా ఊరగాయ మీదికి నెట్టేశాడు.

"ప్రభూ, ఇది విషం చేసిన పని. కోసిన మామిడికాయ నాలుగు రోజుల్లో కుళ్లి తీరాలి. ఏడాదైనా కుళ్లలేదంటే అందులో ఏదో కలిపారన్నమాట. పురుగు ముట్టని వస్తువు మనిషి ముట్టకూడదు."

"ఏం కలిపారు?" రాజు మంచం మీదే లేచి కూర్చున్నాడు.

"ఉప్పు, నూనె, ఆవపిండి," అన్నాడు భట్టు గొంతు తగ్గించి.

ఆ మూడూ లేకుండా ఆయన ఇంట్లో పూట గడవదు. అది వేరే సంగతి. రాజు మాత్రం నమ్మేశాడు. ఊరగాయల కొట్టు చూసుకునే అక్కమ్మని పిలిపించి, తెల్లారేసరికి రాజ్యం విడిచిపొమ్మన్నాడు. భర్త పోయిన దగ్గర్నుంచీ ఆమెకి ఆ కొట్టే ఇల్లు. పోవడానికి మరో చోటు లేదు.

అప్పుడు మంచం పక్కన కూర్చున్న కొమ్మన లేచాడు. సభలో రాజుని నవ్వించడం అతని ఉద్యోగం. భట్టుని ఏడిపించడం మాత్రం సొంత సరదా.

"తప్పకుండా పంపించండి ప్రభూ. కానీ ఆవిడ పోతే తమకి ఆవకాయ పెట్టేదెవరు? భట్టుగారు చెప్పినట్టు ఆ మూడూ లేకుండా ఒక జాడీ పెట్టించి, తమరు రుచి చూశాక పంపండి."

ఆవకాయ పేరు వినగానే రాజు కడుపునొప్పి మరిచిపోయి సరేనన్నాడు. భట్టు ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

కొట్టులో అక్కమ్మ కొమ్మన మీద విరుచుకుపడింది. "ఉప్పు లేకుండా ఊరగాయా? నన్ను గెంటేసినా బాగుండేది బాబూ, నా చేత ఈ పాడు పని చేయిస్తున్నావు."

"నువ్వు నోరు మూసుకుని ఆయన చెప్పింది చెప్పినట్టు చెయ్యి అత్తా. జాలిపడి చిటికెడు ఉప్పు వేశావో, మనిద్దరం మునిగిపోతాం."

మామిడి ముక్కలు, మెంతులు, కాసిని నీళ్లు. భట్టు దగ్గరుండి కలిపించాడు. జాడీకి వాసెన గుడ్డ కట్టించి, ఎవరూ ఏమీ కలపకుండా ముడి మీద తన ఉంగరంతో ముద్ర కూడా వేశాడు.

వానలు మొదలయ్యాక జాడీ సభకి వచ్చింది. ఆ కోటలో ఒక ఆచారం ఉంది. రాజుగారికి కొత్త వంటకం ఎవరు సిఫారసు చేస్తే మొదటి ముద్ద వాళ్లే తినాలి. భట్టుకి అదో పెద్ద గౌరవం, అందుకే పట్టుబట్టలు కట్టుకుని వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు.

అక్కమ్మ గుడ్డ విప్పింది. ముందు వరసలో ఉన్న మంత్రులు ఒక్కసారిగా వెనక వరసలోకి వెళ్లారు. రాజు ఉత్తరీయంతో ముక్కు మూసుకున్నాడు. నల్లటి బూజు కింద తెల్లటి పురుగులు లుకలుకలాడుతున్నాయి.

"ఇది కుళ్లిపోయింది. ఈవిడ ఏదో చేసింది," అన్నాడు భట్టు.

"ముద్ర మీదేనండీ. నేనిప్పుడేగా విప్పాను," అంది అక్కమ్మ.

కొమ్మన గరిటెతో ఓ ముక్క తీసి భక్తిగా విస్తట్లో వడ్డించాడు.

"పురుగు ఇంత ఇష్టంగా తింటోందంటే, భట్టుగారూ, ఇంతకంటే పరిశుద్ధమైన తిండి రాజ్యంలో ఇంకెక్కడా దొరకదు. కానివ్వండి."

భట్టు విస్తరి పక్కకి జరిపాడు. "నాకివాళ ఒంట్లో నలతగా ఉంది ప్రభూ. ముందు నా లేహ్యం పుచ్చుకోవాలి," అంటూ సంచిలోంచి చిన్న భరిణె తీశాడు.

"ఆ లేహ్యం ఎప్పటిది?" కొమ్మన ఎంతో వినయంగా అడిగాడు.

గొప్పలు చెప్పుకునే సందు దొరికితే భట్టు వదులుతాడా? "మా నాన్నగారు స్వయంగా కలిపింది. పెద్ద మహారాజుగారు వాడింది కూడా ఇదే. ఈనాటికీ చెక్కుచెదరలేదు."

"బూజు పట్టలేదా? పురుగన్నా ముట్టలేదా?"

"పిచ్చివాడా, నిండా తేనె పోశాక పురుగెలా పడుతుంది?"

కొమ్మన రాజు వైపు తిరిగి చేతులు జోడించాడు.

"ప్రభూ, తండ్రి కాలం నుంచీ ఈ వంశానికి విషం పెడుతున్నవాళ్లు ఇన్నాళ్లకి దొరికారు. అక్కమ్మ కోసం బండి కట్టే ఉంది, ఈయన్ని కూడా అందులోనే ఎక్కించండి."

సభలో ఎవరో కిసుక్కున నవ్వారు. భట్టు లేచి నిలబడ్డాడు. "తేనె విషమేమిటి ప్రభూ? మందు చెడిపోకుండా కాపాడేదే అది. నిలవ ఉన్నంత మాత్రాన విషమైపోతుందా? ఏం వేశారో, ఎంత వేశారో చూడొద్దూ?"

"ఆ మాట మరొక్కసారి అనండి. అక్కమ్మకి సరిగ్గా వినపడలేదు," అన్నాడు కొమ్మన.

సభంతా గొల్లుమంది. భట్టు భరిణె మూత పెట్టుకుని తల దించుకున్నాడు.

రాజు మాత్రం ఇంకా తేల్చుకోలేదు. "అంటే కొమ్మనా, కుళ్లకుండా ఆపేదేదైనా మంచిదేనా?"

"కాదు ప్రభూ. మైలతుత్తం వేసినా పురుగు దగ్గరికి రాదు. తిన్నవాడు కూడా మిగలడు. ఉప్పయినా బస్తాలకి బస్తాలు కుమ్మరిస్తే చేటే. భట్టుగారు ఇప్పుడు చెప్పిందే నిజం. కాకపోతే అది ఆ రోజే చెప్పాల్సింది."

"మరి ఆ రోజు నా కడుపునొప్పికి కారణమేమిటి?"

నవ్వులన్నీ ఆగిపోయాయి. మంత్రులు నేల చూపులు చూశారు. కొమ్మనే చేతులు కట్టుకుని జవాబు చెప్పాడు.

"అక్కమ్మ ఆవకాయలో ఉప్పు సరిగ్గానే పడింది ప్రభూ. తమ కడుపులోనే ఆవకాయ కొంచెం ఎక్కువ పడింది."

ఎర్రభూపతి మొహం ఎర్రబడింది. తర్వాత పొట్ట కదిలింది. ఆ వెనకే నవ్వు పొంగుకొచ్చి, సింహాసనం చెయ్యి పట్టుకుని మరీ నవ్వాడు. చేతి కడియం తీసి కొమ్మనకి విసిరేసి, అక్కమ్మ వైపు తిరిగాడు.

"కొట్టు తాళాలు నీ దగ్గరే ఉంచుకో అక్కమ్మా. నా చేతికి మాత్రం ఎప్పుడూ ఇవ్వకు."