గాటికింద కత్తులు

ఆ దొడ్డిలో కోళ్లన్నిటికీ ఒకటే కట్టుబాటు. యజమాని పందేలు మానేశాక మిగిలిన కోడికత్తులు ముసలి ఎద్దు బసవయ్య గాటికిందే ఉండాలి. కావాలన్నవాడు పొద్దున అడిగి సాయంత్రందాకా ఆగాలి. సాయంత్రానికి ఎవడికీ కత్తి గుర్తుండేది కాదు, మేత గుర్తొచ్చేది.

ఒకనాడు నక్క కంచె అవతల చతికిలబడి చుక్కలపెట్టను పలకరించింది. "అక్కా, నీ కొడుకు డేగ భలే ఎదిగాడే! పాపం, నాలాంటిదేదైనా లోపలికొస్తే వాడి గతేంటి? సాయంత్రందాకా ఆగమంటాడా మీ ముసలాయన?"

నిరుడు ఆ పెట్ట పిల్లల్ని ఏడింటిని మింగింది ఆ నక్కే. అయినా మాట నిజమే అనిపించింది. పరుగున పోయి పుంజుల్ని పోగేసింది.

"ఎవడి కాలికి వాడి కత్తి!" అన్నాడు కాకిపుంజు రెక్కలు టపటపలాడిస్తూ.

"పిచ్చోడి చేతిలో రాయవుతుందిరా," అన్నాడు బసవయ్య. "నక్క ఏడాదికోసారి వస్తుంది. మీకు కోపం రోజుకు పదిసార్లు వస్తుంది."

"నీకు కొమ్ములున్నాయి, ఎన్నయినా చెబుతావు!" అని గయ్యిమంది పెట్ట. మంచి పదునున్న కత్తి ఏరి, కొడుకు కాలికి తన ముక్కుతోనే దారం బిగించింది. కాకితో సహా మిగతా పుంజులూ తలా ఒకటి కట్టించుకున్నారు.

మూడోనాడు పెంటకుప్ప మీద ఒక వానపాము కనబడింది. డేగ అటు లాగాడు, కాకి ఇటు లాగాడు. ఎప్పుడూ ఉండే గొడవే. మునుపైతే నాలుగు ఈకలు రాలేవి, మధ్యాహ్నానికి ఇద్దరూ ఒకే నీడన చేరేవారు. ఈసారి కాకి ఒక్క ఎగురు ఎగిరాడు. డేగ తల్లివైపు రెండడుగులు వేసి కూలబడ్డాడు.

"లేవరా నాయనా! పురుగుకోసం పోతావురా!" అని పెట్ట రెక్కలు బాదుకుంది.

"కాలు ఎత్తానంతే పిన్నీ..." అన్నాడు కాకి వెనక్కి జరుగుతూ.

"ఎండకు వాసనేస్తుంది, ఇటు తోసెయ్యండి," అంది నక్క కంచె సందులోంచి.

పెట్ట బసవయ్య దగ్గరికి ఉరికింది. "తాతా, నాకో కత్తియ్యి! ఆ కాకిగాణ్ణి చంపుతాను!"

"మునుపైతే సాయంత్రందాకా ఆగమనేవాణ్ణి తల్లీ. ఇప్పుడు నా దగ్గర ఏముంది?"

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అది ప్రతి పుంజు దగ్గరికీ వెళ్లి కత్తి విప్పమని ఏడ్చింది. "ముందు వాడు విప్పితే నేను విప్పుతా," అన్నారు అందరూ. కోతలనాటికి ఆ దొడ్డిలో కూసే పుంజు లేదు. కంచె అవతలికి తోసేసినవి తిని నక్క బాగా బలిసింది. ఈ ఏడు ఒక్కసారైనా కంచె దూకిన పాపాన పోలేదు.

నక్క కోసం కట్టిన కత్తి పక్కవాణ్ణే ముందు చూస్తుంది.