చిలుక కోసం గీసిన మూడు బొమ్మలు

వినండర్రా పిల్లలూ! ఏడు సముద్రాలకి ఇవతల కుంకుమగిరి అని ఒక రాజ్యం. ఆ రాజ్యానికి సుమేధుడని ఒక రాజు. ఆ రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయధరుడు, రెండోవాడు భూధరుడు, చిన్నవాడు మణిధరుడు.

మణిధరుడికి బొమ్మలు గీయడమంటే ప్రాణం. బొగ్గుముక్క దొరికితే గోడ మీద గీసేవాడు. పుల్ల దొరికితే ఇసుకలో గీసేవాడు. ఏమీ దొరక్కపోతే వేలితో గాలిలోనే గీసేవాడు.

అతనికి పదహారేళ్ళప్పుడు శత్రువులు రాజ్యం మీదికి వచ్చారు. రాజుగారు ముగ్గురు కొడుకుల చేతుల్లోనూ కత్తులు పెట్టారు. యుద్ధం ఏడేళ్ళు సాగింది. చివరికి కుంకుమగిరే గెలిచింది. మణిధరుడు ఇంటికొచ్చి, పాత కుంచె వెతికి తీసి, గోడ ముందు నిలబడ్డాడు. చెయ్యి కదల్లేదు. ఆ చేత్తో నరికినవాళ్ళ ముఖాలే కళ్ళ ముందు ఆడాయి. కుంచెని ఏట్లో పారేసి వచ్చాడు. మళ్ళీ బొమ్మల మాట ఎత్తలేదు.

కొన్నాళ్ళకి కరాళుడనే మాంత్రికుడు పొరుగు రాజుగారి ఒక్కగానొక్క కూతురు కాంతిమతిని ఎత్తుకుపోయి, ఏడు సముద్రాల అవతల దీవిలో పెట్టాడు. ఆమెని విడిపించడానికి జయధరుడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. భూధరుడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. మణిధరుడు కూడా బయల్దేరాడు.

"నువ్వూ పోతే నేనెవరి ముఖం చూసి బతకాలి నాయనా?" అన్నారు రాజుగారు.

"అన్నయ్యలు లేని ఇంట్లో నేను మాత్రం ఎలా ఉండను నాన్నగారూ?" అని కాళ్ళకి మొక్కి వెళ్ళిపోయాడు.

సముద్రపు ఒడ్డున ఒక పెద్ద తాబేలు వలలో చిక్కుకుని ఉంది. మణిధరుడు వల కోసి దాన్ని వదిలాడు. "నా వీపు మీద కూర్చో రాకుమారా" అంది తాబేలు. ఒక సముద్రం దాటారు. రెండు దాటారు. మూడు దాటారు. అలా అలా ఏడూ దాటి దీవి చేరారు.

దీవి నిండా రాతిమనుషులే. వాళ్ళలో జయధరుడు ఉన్నాడు, భూధరుడు ఉన్నాడు. మణిధరుడు చల్లటి ఆ రాళ్ళని కావలించుకుని ఏడ్చాడు. ఏడుపు విని కాంతిమతి పరుగున వచ్చింది.

"ఎవరండీ మీరు? మాంత్రికుడు ఎల్లుండి పొద్దుగూకే వేళకి వస్తాడు. వచ్చి నన్ను పెళ్ళాడతానన్నాడు. ఈలోగా మీరు వెళ్ళిపోండి!"

"వీళ్ళు నా అన్నలు. వీళ్ళని వదిలి వెళ్ళలేను."

ఆమె ఒక ఎత్తైన నల్లటి స్తంభం చూపించింది. దాని కొనన అడ్డకర్ర మీద ఒక చిలుక కూర్చుని ఉంది. "వాడి ప్రాణం ఆ చిలుక గొంతులో పూసలా ఉంది. చిలుక నోరారా కూస్తే పూస జారి పడుతుంది. అందుకే వాడు దీవిలో మిగతా చిలుకలన్నిటినీ చంపేశాడు. పలకరించే తోడు లేక అది ఏళ్ళ తరబడి నోరు విప్పలేదు. మీ అన్నగార్లు స్తంభం ఎక్కబోయి ఇలా రాళ్ళైపోయారు."

మణిధరుడు పైకి చూశాడు. "దానికి తోడు కావాలి. చిలుక బొమ్మ గీస్తే?" అన్నాడు. అని తనే ఉలిక్కిపడ్డాడు.

పక్క చెట్టు మీది ఉడుత ఇదంతా విని, "నీ దగ్గర కుంచె లేదుగా! నా తోకలో వెంట్రుకలు తీసుకో" అంటూ కిందికి దిగింది. కాంతిమతి ఆకులు నూరి పసరు తీసింది. ముక్కుకి ఎర్రటి జాజు, కంటికి మసి తెచ్చింది.

మొదటిరోజు స్తంభానికి ఎదురుగా ఉన్న గోడ మీద మణిధరుడు చిలుకని గీశాడు. గీత వంకర పోయింది. చిలుక తల కూడా తిప్పలేదు.

"అరటాకులా ఉంది" అంది కాంతిమతి.

రెండోరోజు మళ్ళీ గీశాడు. ఈసారి ఈక ఈకనీ లెక్కపెట్టి మరీ గీశాడు. చిలుక ఒకసారి చూసి, ముఖం తిప్పుకుంది.

"బొమ్మ బాగుంది. కానీ అది బొమ్మే" అంది కాంతిమతి.

మణిధరుడు కుంచె కింద పెట్టేశాడు. "ఇది మనుషుల్ని చంపిన చెయ్యి. దీనికి ప్రాణం పొయ్యడం ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"చెయ్యి సంగతి తర్వాత. మీరు రెండు రోజులుగా గోడనే చూస్తున్నారు. ఆ చిలుక వంక ఒక్కసారైనా తీరిగ్గా చూశారా?"

మూడోరోజు తెల్లవారగానే మణిధరుడు స్తంభం ముందు కూర్చున్నాడు. కుంచె ముట్టుకోలేదు. చూశాడు, ఊరికే చూశాడు. అడ్డకర్ర అంత పొడుగుంటే చిలుక ఒక చివరికి ఒదిగి కూర్చుంది. మాటిమాటికీ ఖాళీగా ఉన్న పక్కకి తల వాల్చి, మళ్ళీ ఎత్తుతోంది. అన్నలు వెళ్ళిపోయాక భోజనాల దగ్గర తను కూడా ఇద్దరికి చోటు వదిలి కూర్చునేవాడు. అది గుర్తొచ్చి మణిధరుడికి గుండె చెమ్మగిల్లింది. యుద్ధంలో తను చంపినవాళ్ళ ఇళ్ళల్లోనూ ఎవరో అలాగే చోటు వదిలి కూర్చుని ఉంటారనిపించింది. తన్నుకొచ్చిన దుఃఖంతోనే కుంచె అందుకున్నాడు.

ఈసారి ఈకలు లెక్కపెట్టలేదు. ఒక కొమ్మ గీశాడు. కొమ్మ చివరికి జరిగి, పక్కన చోటిచ్చి, పైకి చూస్తున్న చిలుకని గీశాడు. కంట్లో మసిచుక్క పెట్టేసరికి పొద్దు వాలింది. ఆకాశంలో మాంత్రికుడు వస్తున్న చప్పుడు వినిపించింది.

స్తంభం మీది చిలుక కిందికి చూసింది. వణికింది. రెక్కలు విప్పి రివ్వున దిగి, గోడ ముందు ఎగురుతూ, దీవంతా మారుమోగేలా కూసింది! గొంతులోంచి ఎర్రటి పూస జారి పడింది. మణిధరుడు రాయి తీసుకుని పూసని నలగ్గొట్టాడు. కరాళుడు గాలిలోనే బూడిదై సముద్రంలో కలిసిపోయాడు.

రాతిమనుషులంతా ఒళ్ళు విరుచుకుని లేచారు. జయధరుడు కళ్ళు నులుముకుని, "ఏరా తమ్ముడూ, చేతులకి ఆ పసరేమిట్రా?" అన్నాడు. మణిధరుడు ఇద్దరన్నల మెడలూ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

తాబేలు తన వాళ్ళందరినీ పిలిచింది. వాటి వీపుల మీద అందరూ ఒడ్డుకి చేరారు. అక్కడి అడవిలో చిలుకల గుంపు కనబడగానే దీవి నుంచి కాంతిమతి భుజం మీద వచ్చిన చిలుక ఎగిరి అందులో కలిసిపోయింది.

మంచి ముహూర్తాన మణిధరుడికీ కాంతిమతికీ పెళ్ళైంది. కుంకుమగిరిని అన్నలు చూసుకున్నారు. మామగారి రాజ్యాన్ని మణిధరుడు అరవై ఏళ్ళు చల్లగా ఏలాడు. ఆ అరవై ఏళ్ళూ పొద్దున్నే కొలువుకి వెళ్ళే ముందు ఒక గంట కుంచె పట్టేవాడు. బొమ్మ కుదిరిన రోజులూ ఉన్నాయి, కుదరని రోజులూ ఉన్నాయి. గీయని రోజు మాత్రం లేదు.